నిమ్మ ఒకటి, బయల్దేరుటకు సిద్ధం

నిమ్మకాయకు చెట్టు దిగాక అయిదు రోజుల ఆయుష్షు. మొదటి రెండు రోజులు రైతువీ నావీ, మూడో రోజు లారీది, నాలుగో రోజు పట్నంలో కొనేవాడిది, అయిదో రోజు షోడా బండివాడిది. ఆరో రోజు దాని మొహం ఎవరూ చూడరు. ముప్పై ఒక్కేళ్లుగా చిలకలవాగులో నిమ్మకాయల మండీ నడుపుతున్నాను కాబట్టి నాకు ఏది చూసినా ఈ లెక్కే తోస్తుంది. పెళ్లి సంబంధమైనా, మోకాలి నొప్పి అయినా, సర్కారు ఉత్తర్వు అయినా, ఇది ఎన్నో రోజు సరుకు అని ముందు చూస్తాను.

మా మండీకీ హైవేకీ మధ్య నాలుగు కిలోమీటర్ల తారు రోడ్డు ఉంది. మధ్యాహ్నం మూడింటికి లారీ ఆ రోడ్డెక్కితే మర్నాడు ఉదయం ఆరింటి వేలానికి పట్నం మార్కెట్‌లో ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఎనిమిది వందల ఎకరాల బీడును తొమ్మిదేళ్ల కిందట విమానాశ్రయానికి కేటాయించారు. ఈ తొమ్మిదేళ్లలో అక్కడ వెలసినవి ఒక బోర్డు, ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఒక ప్రత్యేకాధికారి. విమానాశ్రయమే వస్తే మా రోడ్డు పోతుంది. చుట్టు తిరిగి పోవాలంటే ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, రెండు రైల్వే గేట్లు. వేలం తప్పుతుంది. వేలం తప్పితే అయిదు రోజుల ఆయుష్షులో ఒక రోజు పోయినట్టే. అయిదింట ఒకటి పోగొట్టుకుని బతికిన నిమ్మకాయల వ్యాపారిని నేనింతవరకు చూడలేదు.

అయినా తొమ్మిదేళ్లుగా రాని విమానాల గురించి బెంగపెట్టుకునే తీరిక మాకెవరికీ లేకపోయింది. అప్పుడు రాజధాని నుంచి కొత్త నియమావళి వచ్చింది.

కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ అనే యంత్రాన్ని ఒక పెద్దాఫీసరు ఏదో ప్రదర్శనలో చూసి ముచ్చటపడ్డారట. ఇకపై ఏ విమానాశ్రయానికైనా నిధులు విడుదల చేసేముందు దాన్ని ఆ సిమ్యులేటర్‌లో కట్టి, నేల మీద విమానాలూ బండ్లూ తిరిగే దారులన్నీ గీసి, తొంభై రోజులు ఏ సంఘటనా లేకుండా నడిపి చూపించాలి. నాకిది తప్పనిపించలేదు. నేనూ బస్తా కొనేముందు నాలుగు కాయలు కోసి చూస్తాను.

దారులు గీయడానికి మనిషి కావాలని ప్రకటన వేశారు. అర్హత: భూతల రాకపోకల నిర్వహణలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆ యంత్రం తెలిసిన వాళ్లలో ఎవరి వయసూ ముప్పై దాటలేదు. అర్హత సరిపోయిన దరఖాస్తు ఒక్కటే వచ్చింది. అది మా ఊరి పెంచలయ్యది. ఆయన బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాడు.

పెంచలయ్య పనిలో చేరిన నెలకు చూసిరావడానికి షెడ్డుకు వెళ్లాను. తెర మీద మా బీడంతా పచ్చగా ఉంది. దాని మీద చుక్కలు, చుక్కల మధ్య గీతలు.

“ఇదంతా ముగ్గే శెట్టిగారా” అన్నాడు పెంచలయ్య. “చుక్కలు పెట్టుకోవాల, గీతలు కలపాల. విమానం దిగినాక ఆ గీత మీదనే పోద్ది. గీత లేని తావున చక్రం పెట్టదు. మా ఇంట్లో ఆడోళ్లు చూసి, దీనికి గూడా జీతమిస్తారా అని ఒకటే నవ్వు.”

“విమానాలన్నీ గోడకు మొహం పెట్టి నిలబడుండాయేంది?”

“ప్లాట్‌ఫారం మీదికి రాకుంటే జనం ఎక్కేదెట్ట? వెనక్కి తీసేటప్పుడు ఒక మనిషి విజిల్ ఊదతాడులే.”

“ఇక్కడేదో గుంపుగా ఆగుండాయి.”

“అది క్యాంటీన్. టీకి ఏడు నిమిషాలు. అది లేకుంటే ఏ డ్రైవరూ బండి తియ్యడు.”

తెర మధ్యలో మా మండీ రోడ్డు కనిపించింది. దాని మీద కూడా గీత ఉంది. ఎందుకని అడిగాను.

“ఉన్నదాన్ని ఉన్నట్టు చూపియ్యమన్నారు. ఉన్న రోడ్డు అదొక్కటే గదా. అందుకని విమానాలన్నీ దాని మీదనే తిప్పినా” అన్నాడు.

ఆ మాటకు ఆ రోజు నేను పెద్ద విలువ కట్టలేదు. అక్కడే నా లెక్క తప్పింది.

మరుసటి సోమవారం నా లారీ డ్రైవర్ జిలానీ మూడింటికి బయల్దేరి, మూడుంబావుకు ఫోన్ చేశాడు. “శెట్టిగారా, రోడ్డు మీద తెల్ల గీత గీసుండారు. హోంగార్డు ఎర్ర జెండా పట్టుకుని ఆపినాడు. విమానం పోతా ఉండాదంట.”

“యాడ పోతా ఉండాది?”

“నేనూ అదే అడిగినా. కంప్యూటర్‌లో అంటుండాడు.”

నేను వెళ్లేసరికి ఖాళీ రోడ్డు మీద గీత దగ్గర లారీ నిలబడి ఉంది. హోంగార్డు మర్యాదస్తుడు, విడమరిచి చెప్పాడు. కేటాయించిన స్థలంలో కదిలే ప్రతిదీ సిమ్యులేటర్‌లో కూడా కదలాలి. మా లారీ రోడ్డెక్కితే పెంచలయ్య తెర మీద ఒక చిన్న లారీని ఎక్కిస్తాడు. ఆ చిన్న లారీ విమానానికి అడ్డం పోతే సంఘటన అవుతుంది. సంఘటన అయితే తొంభై రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అందుకని విమానం పోయేదాకా లారీ ఆగాలి. ప్రతి మెట్టూ సరిగానే ఉంది. మొత్తం కూడితేనే నా కాయలు ఎండలో ఉన్నాయి.

ఆ రోజు నలభై నిమిషాలు ఆపారు. మంగళవారం మూడు గంటలు. బుధవారం లారీ కదలనే లేదు.

జరిగిందేమంటే, పెంచలయ్య మా రోడ్డును రెండు వైపులా పోయే దారిగా గీశాడు. బస్సులు ఎదురుపడితే ఒకటి మర్యాదగా పక్కకు దిగుతుంది, ముప్పై ఏళ్లు ఆయన చూసిందదే. విమానం గీత దిగదని ఆయనే నాకు చెప్పాడు కానీ గీసేటప్పుడు చెయ్యి పాత అలవాటునే పోయింది. బుధవారం రెండు విమానాలు ఆ ఒక్క గీత మీద ముక్కుకు ముక్కు ఆనించి నిలబడ్డాయి. వాటి వెనక ఇంకో పదకొండు. అన్నిటికంటే వెనక, ఎండలో, నాలుగు వందల బస్తాలతో జిలానీ.

గురువారం పొద్దున ప్రత్యేకాధికారి పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మాట్లాడినా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది.

“సదరు విమానములు రెండును పరస్పర అభిముఖముగా నిలిచియున్న మాట వాస్తవమే” అన్నారు.

“ఒకదాన్ని తీసేయరాదా సార్? మీట నొక్కితే పోతుందంట గదా.”

“ప్రభుత్వ ఆస్తిని తొలగించు అధికారము నాకు దఖలుపరచబడలేదు.”

“అది బొమ్మ గదా సార్.”

“బొమ్మే. కానీ స్టాకు రిజిస్టరులో ఎక్కిన బొమ్మ.”

“పోనీ, ఇది సంఘటన కిందికి రాదా?”

“రాదు. ఢీకొనలేదు. నిలిచియుండుట సంఘటన కాజాలదు. ఏమైనను, ఇరువురు పైలట్లకును సంజాయిషీ నోటీసులు జారీచేసియున్నాను.”

“పైలట్లు ఎవరు సార్?”

“అదియే తేలవలసియున్నది. నోటీసులు చిరునామా లేదని తిరిగివచ్చినవి. అందుచేత నిన్న సాయంత్రము వారిని సస్పెండు చేయడమైనది.”

“అయితే ఇప్పుడు ఆ విమానాలను ఎవరు తీస్తారు?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “సస్పెన్షనులో ఉన్నవారు విధులు నిర్వర్తింపరాదు కదా” అన్నారు.

లారీని వెనక్కి తిప్పుకుని చుట్టుదారిన పంపించాను. కాయలు పట్నం చేరేసరికి వాటికి అయిదో రోజు. షోడా బండ్లవాళ్లు కూడా బస్తా విప్పి చూసి మొహం తిప్పుకున్నారట.

ఆ సాయంత్రం నియమావళి పుస్తకం తెప్పించుకుని మండీ అరుగు మీద కూర్చుని చదివాను. నూట పన్నెండు పేజీలు. సరుకు ఎలా చూస్తానో అలాగే చూశాను. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ మెత్తబడింది? ఎవరికి ఎవరు దారి ఇవ్వాలో ఒక వరుస ఉంది. మొదటిది అగ్నిమాపక శకటం. రెండోది విమానం. మూడోది ఇంధనం బండి. అలా దిగుతూ దిగుతూ పదిహేడో వర్గం: ఇతరములు. దాని కింద పశువులు, కొట్టుకొచ్చిన ముళ్లకంప, లారీ.

పదిహేడు నుంచి రెండుకు ఎగబాకడానికి ఏం కావాలి? డెబ్బయ్యో పేజీలో ఫారం ఉంది, విమాన నమోదు పత్రం. పేరు, పొడవు, ఎత్తు, రెక్కల కొస నుంచి కొసకు వెడల్పు, చక్రాలెన్ని, ఇంజను నంబరు, బయల్దేరు సమయం. మూడుసార్లు చదివాను. అది నేల మీద రాకపోకలకు మాత్రమే రాసిన పుస్తకం. ఎగరాలన్న మాట అందులో ఒక్కచోట కూడా లేదు.

మర్నాడు ఫారం నింపి పరాంకుశం గారి ముందు పెట్టాను. రెక్కల దగ్గర, అటూ ఇటూ పక్క అద్దాలు చాపి కొలిస్తే ఎనిమిదిన్నర అడుగులు అని రాశాను.

ఆయన గడి తర్వాత గడి చదివారు. “ఇది లారీ కదా” అన్నారు చివరికి, మామూలు మనిషిలాగా.

“ఫారంలో ఏ గడి తప్పుందో చెప్పండి సార్, దిద్దుకొస్తాను.”

“ఎగరదు కదా.”

“ఎగరాలని ఎక్కడుంది సార్?”

పుస్తకం తిరగేశారు. వెనక నుంచి ముందుకు కూడా తిరగేశారు. ఆయనకు మళ్లీ ప్రాణం లేచివచ్చింది. “ఎగురుట మా విభాగపు పరిధిలోనిది కాదు. అది గగనతల విభాగము వారు చూచుకొనవలెను. మా మట్టుకు మాకు అభ్యంతరము లేదు” అని సంతకం పెట్టారు. మా లారీకి నంబరు వచ్చింది. నిమ్మ ఒకటి.

బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానానికి దారి లేకపోతే గంటలోపు కొత్త గీత గీయాలని నలభయ్యో పేజీలో ఉంది. పెంచలయ్య గీశాడు. ఆ మధ్యాహ్నం ట్రాక్టరొకటి వచ్చి మా లారీని మండీ గేటు నుంచి వెనక్కి నెట్టింది. విమానం తనంతట తాను వెనక్కి పోకూడదట. తర్వాత పెంచలయ్య మైకులో ప్రమాదవేళ పాటించవలసిన జాగ్రత్తలు నాలుగు వందల బస్తాలకూ చదివి వినిపించాడు. హోంగార్డు ఎక్కి తాళ్లు లాగి చూసి, అందరూ బెల్టులు కట్టుకున్నారని రాసుకున్నాడు. చివరన పెంచలయ్య లారీ పక్కకొచ్చి బాడీ మీద రెండు దెబ్బలు కొట్టి, “రైట్, పోనీ” అన్నాడు.

జిలానీ ఆ ఖాళీ రోడ్డు మీద కొంతదూరం పోయి, కొత్త గీత ప్రకారం కంపలోకి దిగి, అక్కడ లేని పదమూడు విమానాలను చుట్టి, మళ్లీ రోడ్డెక్కి హైవే చేరుకున్నాడు. అంతా కలిపి పదకొండు నిమిషాలు. వేలం దొరికింది.

“శెట్టిగారా, హోంగార్డు నాకు సెల్యూట్ కొడతా ఉండాడు” అన్నాడు జిలానీ తిరిగొచ్చాక. “పైలట్ సార్ అంటుండాడు. మా మామకు ఫోన్ చేసి చెప్పించండి. పదేళ్ల నుంచి నన్ను ఎందుకూ పనికిరానోడంటాడు.”

వారం తిరగకుండా మండీలో అందరికీ సంగతి తెలిసింది. నిమ్మ రెండు వచ్చింది, నిమ్మ తొమ్మిది వచ్చింది, నలభై ఒకటి దాకా పోయింది. మజ్జిగ కుండలు తోలే చెంచమ్మ తన ఎద్దులబండి తోలుకుని ఏకంగా షెడ్డు ముందుకే వచ్చింది.

“నా బండిని గీత కాడ రెండు గంటలు నిలబెట్టినారు, మజ్జిగ పులిసిపోయింది. నాకూ ఆ నంబరేదో వేసియ్యండి నాయనా.”

పరాంకుశం గారు ఫారం అడిగారు. ఇంజను నంబరు గడి దగ్గర ఆగారు.

“ఇంజను ఏది?”

“ఒకటి కాదు, రెండు” అని చెంచమ్మ ఎద్దుల వైపు చూపించింది. “ఇది మైలగాడు, అది పుల్లగాడు.”

ఆయన రాసుకున్నారు. రెండు ఇంజన్లు ఉన్నందున దూరప్రయాణ విమానముగా వర్గీకరించడమైనది అని కింద ఎర్ర సిరాతో చేర్చారు.

అన్నీ సజావుగా తిరుగుతున్నాయి. షెడ్డు గోడ మీద ‘సంఘటన రహిత దినములు’ అని పలక వేలాడదీసి హోంగార్డు రోజూ అంకె మారుస్తున్నాడు. నేను లారీ వెనకే మోటారు సైకిల్ మీద పోతూ ఒక మధ్యాహ్నం తలెత్తి చూశాను. డెబ్బై ఒకటి.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నా లారీ ఆగకుండా పోవడానికి వేసిన ఎత్తు విమానాశ్రయాన్ని ఆగకుండా నడిపిస్తోంది. ఇంకో పందొమ్మిది రోజులు ఇలాగే పోతే తొంభై నిండుతాయి, నిధులొస్తాయి, రోడ్డు పోతుంది. నా రోడ్డును నేనే బస్తాకెత్తి కుట్టి, అప్పగించడానికి మోసుకుపోతున్నాను.

ఆ సాయంత్రం మండీలో అందరం కూర్చున్నాం. మావాళ్లలో దుడుకువాళ్లు ఎక్కువ.

“ఒక లారీని ఇంకోదానికి తగిలిస్తే సరి. సంఘటన అయిపోద్ది, లెక్క మళ్లీ ఒకటికొస్తది” అన్నారు.

“నేను గుద్దతా” అంది చెంచమ్మ.

“గుద్దితే తొంభై రోజులు దొరుకుతాయి” అన్నాను. “గుద్దిన పైలట్లను సస్పెండు చేస్తారు, ఆ బండ్లు రోడ్డు మీదనే ఉండిపోతాయి. తొంభై రోజులకొకసారి రెండు బండ్లు పోగొట్టుకుంటా పోతే ఎన్నాళ్లొస్తాం?” తర్వాత పెంచలయ్యను అడిగాను. “నీ గీతల మీద గంటకు ఎన్ని పోగలవు?”

“ఇరవై. అంతకు మించితే క్యాంటీన్ కాడ ఇరుక్కుంటాయి.”

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు. రెండు వందల నలభై. పోయేదొకసారి, వచ్చేదొకసారి కాబట్టి నూట ఇరవై బండ్లు. వరసగా పదిహేను రోజులు సమయం తప్పకుండా తిరిగిన విమానానికి ఆ సమయం మీద శాశ్వత హక్కు వస్తుందని తొంభయ్యో పేజీలో ఉంది. నలభై ఒక్క లారీలు, పాల వ్యానులు తొమ్మిది, ట్రాక్టర్లు ఇరవై మూడు, ఆటోలు ముప్పై ఎనిమిది, బడి బస్సులు రెండు. నూట పదమూడు. చెంచమ్మ తన వాళ్లను కలుపుకుని ఎద్దుల బండ్లు ఏడు తెస్తానంది. ఫారాలకు నాలుగు రోజులు, హక్కు రావడానికి పదిహేను. చేతిలో పందొమ్మిదే ఉన్నాయి.

ఆ పందొమ్మిది రోజులూ మా ఊళ్లో జ్వరమొచ్చినా ఎవరూ బండి ఆపలేదు. సరుకు లేనివాడు ఖాళీ బండి తిప్పాడు. ఆటోవాళ్లు తమ సమయానికి అయిదు నిమిషాల ముందే గీత దగ్గర ఉండేవాళ్లు. పదిహేనో ట్రాక్టరు టైరు పేలితే పది మంది కలిసి నెట్టుకొచ్చారు, ఎలాగూ నెట్టవలసిందే గదా అని పెంచలయ్య సర్దేశాడు.

తొంభయ్యో రోజున రాజధాని నుంచి కమిషనర్ దమయంతి గారు తనిఖీకి వచ్చారు. కారులో వచ్చారు. కారుకు మా బండ్లకున్నట్టు విమానం నంబరు లేదు, అంటే పదిహేడో వర్గం. హోంగార్డు తెల్ల గీత దగ్గర ఆపి, విమానాలు పోతున్నాయి, కాస్త ఆగండమ్మా అన్నాడు. గంటా పది నిమిషాలు ఆగారు. ఆవిడ ముందు నుంచి నిమ్మకాయలు పోయాయి, పాలు పోయాయి, బడి పిల్లలు పోయారు. చెంచమ్మ బండి పోయేటప్పుడు మైలగాడు ఆగి పేడ వేస్తే, ఇంధనం కారుతున్నదని హోంగార్డు విజిల్ ఊది ఇసుక చల్లించాడు.

షెడ్డులోకి వచ్చేసరికి కమిషనర్ గారి మొహంలో కోపం లేదు. తృప్తి ఉంది.

“రాష్ట్రంలో మరెక్కడా ఇంతటి రద్దీని నేను చూడలేదు” అన్నారు. “మిగతా చోట్ల తెర మీద నాలుగు తిరిగితే గొప్ప. ఇక్కడ నేల మీదే తిరుగుతున్నాయి. ఆలస్యాలెన్ని?”

“శూన్యము” అన్నారు పరాంకుశం గారు.

“సంఘటనలు?”

“శూన్యము.”

మూలన నిలబడి వింటున్న నేను పెంచలయ్య వైపు చూశాను. ఆవిడ సంతకానికి కలం తీశారు. తీసి, పెంచలయ్యను అడిగారు. “మరి నిధులొచ్చి, రన్‌వే పూర్తయ్యాక మొదటి విమానాన్ని ఏ సమయానికి రమ్మందాం?”

పెంచలయ్య కాలపట్టిక పరిచాడు. బస్టాండులో గోడకు కొట్టేదాని లాంటిదే, గళ్లు గళ్లుగా ఉంది. వేలు పెట్టి ఆరు నుంచి కిందికి దిగాడు. చివరికొచ్చి మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు.

“ఖాళీ లేదమ్మా” అన్నాడు.

“ఒక్కటి కూడానా?”

“పన్నెండుంబావుకు పాల వ్యాను రాకుంటే ఒక మూడు నిమిషాలు దొరకొచ్చు. కానీ అది రోజూ వస్తా ఉండాది. అన్నిటికీ శాశ్వత హక్కు వచ్చేసింది, ఈ పొద్దుటితో.”

కమిషనర్ గారు పట్టిక చూశారు, పుస్తకంలో తొంభయ్యో పేజీ చూశారు, పరాంకుశం గారిని చూశారు. ఆయన ఉత్తర్వు చదివినట్టుగా, “సదరు విమానాశ్రయము సంతృప్తస్థితికి చేరుకున్నందున విమానములను అనుమతించుటకు వీలుపడదు” అన్నారు. ఆవిడ ఆ వాక్యాన్నే రాయించి సంతకం చేశారు. చిలకలవాగుకు అత్యంత రద్దీ విమానాశ్రయంగా ప్రశంసాపత్రం, విమానాలకు మరోచోట స్థలం. రోడ్డు పాడవుతోందని మా నాలుగు కిలోమీటర్లకు కొత్త తారు కూడా రాశారు.

ఆ మరోచోటు గొల్లగుంట అని రెండు వారాలకు పేపర్లో వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నమే అక్కడి చామంతి పూల వ్యాపారి మునిరత్నం ఫోన్ చేశాడు. అంతకుముందు పరిచయం లేదు.

“అన్నా, మా పూలబాట మీద తెల్ల గీత గీసినారు. పూలు ఒకటిన్నర రోజు కంటే ఉండవు. ఏం చేయాల్నో తోచటంలా.”

“బండ్లు ఎన్ని ఉండాయి?”

“వ్యానులు ఇరవై. మోపెడ్లు అరవై.”

ఎనభై. నూట ఇరవైకి నలభై తక్కువ. పట్నంలో సరుకు దించిన మా లారీలు రోజూ ఖాళీగా గొల్లగుంట పక్కనుంచే తిరిగొస్తాయి. అవి అటు ఒక చుట్టు తిరిగొస్తే వాళ్ల పట్టిక నిండుతుంది, మా తిరుగు ప్రయాణం డీజిలు వాళ్ల మీద పడుతుంది.

“నా దగ్గర తొంభై రోజులు తొణక్కుండా తిరిగినవి నలభై ఉండాయి” అన్నాను. “బాడుగ సంగతి కూర్చుని మాట్లాడదాం. పొద్దున రా.”

“మోపెడ్ మీద వచ్చేస్తానన్నా. నేరుగా మండీకి రానా?”

“రానియ్యరు, నీకు నంబరు లేదు గదా. తెల్ల గీత దగ్గర ఆగి ఫోన్ చెయ్యి. విమానం పంపిస్తాను.”